మనసు బాగుపడ్డాక కదా నడిచేది!

డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు ఇంటాబయటా ఎదురయ్యే సలహా ఒకటుంది: "పొద్దున్నే లేచి నాలుగడుగులు నడవరాదూ, అదే పోతుంది." అందులో సైన్సు లేకపోలేదు. చిక్కంతా ఆ "లేచి" అన్న దగ్గరే.

బ్రిటన్‌లో దాదాపు 2.9 లక్షల మందిని తొమ్మిదేళ్ల పాటు గమనించిన పరిశోధన ఒకటి 2023లో వెలువడింది. రోజూ 7 నుంచి 9 గంటలు నిద్రపోయేవాళ్లకు డిప్రెషన్ ముప్పు 22 శాతం తక్కువ. పొగ అలవాటు లేనివాళ్లకు 20, నలుగురితో కలిసిమెలిసి ఉండేవాళ్లకు 18, వ్యాయామం చేసేవాళ్లకు 14 శాతం తక్కువ. మంచి తిండి వాటా 6 శాతమే. మనవాళ్లు తిండి గురించి మాట్లాడినంతగా నిద్ర గురించి మాట్లాడరు మరి!

అయితే నిద్ర చెడితే మనసు కుంగుతుందా, మనసు కుంగితే నిద్ర చెడుతుందా? రెండూ జరుగుతాయి. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేయడం, అన్నం సయించకపోవడం, ఫోన్ మోగుతున్నా ఎత్తబుద్ధి కాకపోవడం... ఇవన్నీ డిప్రెషన్ లక్షణాలే. కాబట్టి గమనించినంత మాత్రాన ఏది ముందో తేలదు. చీటీలు తీసినట్టు జనాన్ని జట్లుగా విడదీసి, ఒక్కో జట్టుతో ఒక్కోటి చేయించి చూడాలి.

అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో జేమ్స్ బ్లూమెంథాల్ బృందం చేసిందదే. ఫలితాలు 1999లో వచ్చాయి. యాభై ఏళ్లు, ఆపైబడిన 156 మంది డిప్రెషన్ రోగుల్లో కొందరికి డిప్రెషన్ తగ్గించే సెర్ట్రలీన్ అనే మాత్ర ఇచ్చారు. కొందరి చేత వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున గుండె వేగం బాగా పెరిగేలా నడకో పరుగో చేయించారు. మిగతావాళ్లకు రెండూ. నాలుగు నెలలకు మూడు జట్లూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నాయి. మాత్ర మాత్రం త్వరగా పనిచేసింది. ఇది చదివి డాక్టరుకు చెప్పకుండా మందులు ఆపేయొద్దు. ఆ వ్యాయామం పక్కన మనిషి ఉండి చేయించింది. పైగా ఏ చికిత్సా అందని జట్టంటూ అందులో లేదు.

మరి మంచం దిగడానికే ఓపిక లేనివాళ్ల సంగతేమిటి? దీనికి జవాబు గోవాలో దొరికింది. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో విక్రమ్ పటేల్ బృందం 495 మందితో చేసిన ప్రయోగం 2017లో ప్రచురితమైంది. మనసు బాగుపడే దాకా ఆగకుండా ముందు పని మొదలుపెట్టించడం ఇందులోని కిటుకు. రోగితో కూర్చుని, ఒకప్పుడు ఇష్టంగా చేసిన పనుల్లోంచి చేయగలిగినంత చిన్నది ఎంచి, ఏ రోజు చేయాలో అనుకుని, మళ్లీ కలిసినప్పుడు ఏమైందో అడగడం. మొత్తం ఆరు నుంచి ఎనిమిది సార్లు. చేయించినవాళ్లు సైకియాట్రిస్టులు కారు, శిక్షణ పొందిన మామూలు జనం. ఇలా పని మొదలుపెట్టించిన రోగుల్లో మూడు నెలలకు 64 శాతం మంది తేరుకున్నారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో తేరుకున్నది 39 శాతం.

"బతకాలని లేదు" అన్న మాట ఎవరి నోటైనా వినబడితే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. మనిషిని ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.