ఎక్స్-రే అడగని సర్టిఫికెట్

తిరుపతిలో ల్యాబ్రడార్ పిల్లను కొన్న ఒక కుటుంబానికీ, అమ్మిన బ్రీడర్‌కూ మధ్య తగాదా. ఏడాది నిండకముందే కుక్క మెట్లెక్కడం మానేసింది. ఎక్స్-రే తీస్తే తుంటి కీళ్లు వదులుగా ఉన్నాయని తేలింది. దాని తల్లిదండ్రుల ఎక్స్-రేలు చూపమని వీళ్లు పట్టుబడుతున్నారు. చట్టం అడగనిది తానెందుకు చూపాలని ఆయన వాదన. తుంటి కీలు సరిగ్గా అమరకుండా పెరిగే ఈ లోపాన్ని హిప్ డిస్‌ప్లేజియా అంటారు, పెద్దజాతి కుక్కలు పెంచేవారికి ఇది కొత్త కాదు. ‘చట్టం అడగనిది’ అన్న మాట ఎక్కడిదన్నదే ఇక్కడ ప్రశ్న.

కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లో నిబంధనలు తెచ్చింది. బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వద్ద నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. జత కట్టించే కుక్కకు కనీసం 18 నెలలు నిండాలి, అది ఆరోగ్యంగా ఉందని పశువైద్యుడు ధ్రువీకరించాలి. తగాదా అంతా ఈ చివరి ముక్కలోనే ఉంది. ఆరోగ్యాన్ని దేనితో కొలవాలో అందులో లేదు. గుండె విని, జ్వరం చూసి రాసిచ్చినా కాగితం చెల్లుతుంది. కానీ చక్కగా పరిగెత్తే కుక్కకూ తొడ ఎముక తల ఇమిడే తుంటి గిన్నె లోతు తక్కువగా ఉండవచ్చు. మత్తిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్లు చాచి తీసే ఎక్స్-రేలో గానీ అది బయటపడదు. జాతికుక్కలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఇచ్చే పేపర్లు వంశాన్ని చెబుతాయే తప్ప కీళ్ల ఊసెత్తవు.

18 నెలలకు జత కట్టించవచ్చని నిబంధనే చెబుతుంటే, 24 నెలలు నిండితే గానీ రాని తుంటి సర్టిఫికెట్‌ను ఎలా తెమ్మంటారని బ్రీడర్ల ప్రశ్న. ఆ 24 నెలల లెక్క అమెరికాలో 1966లో మొదలైన, కుక్కల తుంటి ఎక్స్-రేలు చూసి సర్టిఫికెట్ ఇచ్చే ఓఎఫ్ఏ సంస్థది. బ్రిటన్ పథకంలో ఏడాది నిండితే చాలు, ఒక్కో తుంటికి 0 నుంచి 53 వరకు మార్కులు వేస్తారు, తక్కువ వస్తే మేలు. పెన్‌హిప్ అనే మరో ఎక్స్-రే పద్ధతిలోనైతే 16 వారాలకే కీలు వదులుతనాన్ని కొలుస్తారు. వయసు అడ్డమన్న మాట ఎలా నిలుస్తుంది? ఎక్స్-రే తీసేవాళ్లు లేరనడానికీ లేదు, 1955 నుంచి పశువైద్య కళాశాల ఉన్న ఊరిది.

పెరుగన్నం ఎక్కువ పెట్టి, నున్నటి టైల్స్ మీద తిప్పి కొన్నవారే చెడగొట్టారని కూడా బ్రీడర్లు అంటున్నారు. తిండి పాత్ర నిజమే. అమెరికాలో 48 ల్యాబ్రడార్లను తోబుట్టువుల జతలుగా విడదీసి, ఒకదానికి నాలుగో వంతు తక్కువ పెట్టి చూశారు. తక్కువ తిన్నవాటిలో తుంటి సమస్యలూ తగ్గాయి. అయితే, తిండి రోగాన్ని ముదరబెడుతుంది, లేదా కాస్త ఆపుతుంది. దాని విత్తనం మాత్రం వంశంలోనే ఉంటుంది. మంచి తుంటి ఉన్న జంటకూ చెడ్డ తుంటి పిల్ల పుట్టవచ్చు. దీని వెనకున్న జన్యువులు ఒకటీ రెండూ కావు. కనుకనే తల్లిదండ్రులతో పాటు తోబుట్టువుల ఎక్స్-రేలు కూడా చూడాలంటారు పశువైద్యులు.

ముందుకాళ్ల మోచేతి కీళ్ల ఊసు ఈ గొడవలో ఎవరూ ఎత్తలేదు. వాటికీ 0 నుంచి 3 వరకు గ్రేడ్లున్నాయి, 0 అంటే మంచిది. వాటిలో లోపముంటే రోట్‌వైలర్లు, ల్యాబ్రడార్లు ముందుకాలు కుంటడం మొదలుపెట్టవచ్చు.

ఆ బ్రీడర్ దగ్గర ఆ తల్లి కుక్కే మళ్లీ ఈనడానికి సిద్ధంగా ఉంది. పిల్ల కోసం అడిగినవారిలో ఇద్దరు అడ్వాన్స్ ఇచ్చేముందు తుంటి ఎక్స్-రే చూపమన్నారు.