టెన్షన్: నా గదిలో రోజూ వినే అపోహలు, నేను చెప్పే వాస్తవాలు

నేను సైకాలజిస్టుని. నా దగ్గరికొచ్చి "నాకు ఒత్తిడిగా ఉంది" అని మొదలుపెట్టేవాళ్లు తక్కువ. "తల బరువుగా ఉంటోంది మేడమ్" అంటారు. "తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది" అంటారు. "ఊరికే పిల్లల మీద అరిచేస్తున్నా" అని కళ్లనీళ్లు పెట్టుకుంటారు. కాసేపు మాట్లాడాక కొన్ని నమ్మకాలు బయటపడతాయి. మనిషి మారినా నమ్మకాలు మాత్రం దాదాపు అవే.

అపోహ: టెన్షన్ అన్నదే ఉండకూడదు.

అది లేకపోతే పరీక్షకు చదవం, కదులుతున్న బస్సు వెనక పరిగెత్తం. పొద్దున నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటలో, టెన్షన్ ఎక్కినప్పుడు పెరిగే కార్టిసాల్ అనే హార్మోనే దానంతటదే పెరుగుతుంది. రోజు పనికి శరీరం చేసుకునే తయారీ అది. శరీరానికి ఎలాంటి కష్టం తగిలినా దాని స్పందనలో ఒకే తీరు కనబడుతుందని హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త 1936లోనే రాశాడు. అందుకే ఎదురుగా కుక్క మొరిగినా, రాత్రి పదింటికి ఆఫీసు గ్రూపులో మెసేజ్ మోగినా గుండె దడ ఒకేలా ఉంటుంది. కుక్క వెళ్లిపోతే ఆ దడ తగ్గిపోతుంది. మెసేజ్ మాత్రం పడుకున్నాక కూడా తలలో తిరుగుతూనే ఉంటుంది. టెన్షన్ ఎక్కడం తప్పు కాదు. ఎక్కింది దిగడానికి రోజులో మనం చోటివ్వకపోవడమే చిక్కు.

అపోహ: ఛాతీలో పట్టేసినట్టుంటే గ్యాసే.

మన ఇళ్లలో గ్యాస్ మీద పడనంత నింద ఇంకే జబ్బు మీదా పడదు. టెన్షన్ వల్ల కడుపు ఉబ్బరం, ఛాతీలో బిగుతు వచ్చే మాట నిజమే. మెదడుకీ పేగులకీ నరాల సంబంధం ఉంది. అయినా ఛాతీ నొప్పితో వచ్చినవాళ్లని నేను ముందు ఈసీజీకి పంపిస్తాను. చెమటలు పట్టినా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా సోడా తాగుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఎప్పుడూ నీరసం, దడ అనేవాళ్లని హిమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా చూపించుకోమంటాను. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువైనా అచ్చం టెన్షన్‌లాగే ఉంటుంది.

అపోహ: ధ్యానమంటే ఆలోచనలు రాకుండా కూర్చోవడం. నాకది కుదరదు.

ఎవరికీ కుదరదు. ఆలోచన వస్తుంది, వచ్చిందని గమనించి మళ్లీ ఊపిరి దగ్గరికొస్తాం. అంతే. కళ్లు మూసుకుని కూర్చోవడమే గిట్టనివాళ్లకి నేను చెప్పేది ఇంకా తేలిక. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. అంకెకో సెకను చొప్పున నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. గాలి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నిదానంగా కొట్టుకుంటుంది. వదలడాన్ని సాగదీస్తే ఆ నిదానం పక్కకి మొగ్గుతాం. బలవంతంగా ఊపిరి బిగబట్టకండి, తల తిరిగితే ఆపేయండి.

"టైమెక్కడిది మేడమ్" అని ఒకావిడ అంటే, పప్పు కుక్కర్‌లో పెట్టాక మూడో కూత వచ్చేలోపు చెయ్యమన్నాను. రెండు వారాల తర్వాత వచ్చి, "ఇప్పుడు కూత వినబడితే చాలు, భుజాలు వాటంతటవే వదులవుతున్నాయి" అంది. నా సలహాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. కొత్త పనికి వేరే సమయం వెతక్కుండా, రోజూ ఉన్న పనికి తగిలిస్తే నిలుస్తుంది.

అపోహ: గంట వాకింగ్ చేస్తేనే లెక్క.

వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్కో విడత కనీసం పది నిమిషాలుండాలన్న పాత షరతుని కూడా 2020లో తీసేసింది. కూరగాయలకి నడిచి వెళ్లినా జమే.

అపోహ: ఒక పెగ్గు వేస్తే హాయిగా నిద్ర.

నిద్ర తొందరగా పడుతుంది, నిజమే. కానీ మందు ప్రభావం దిగేకొద్దీ నిద్ర ముక్కలవుతుంది. ఆ మూడింటి మెలకువకి చాలాసార్లు ఇదే కారణం. టీ సంగతీ అంతే. సాయంత్రం ఆరింటికి తాగిన టీలోని కెఫీన్ రాత్రి పదకొండింటికి కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. పడుకునే ముందు రీల్స్ చూడొద్దని నేను అందరికీ చెబుతాను. నేను మాత్రం వారంలో రెండ్రోజులు చూస్తాను, ఆ మర్నాడు పొద్దున్నే నా చిరాకు మా ఇంట్లోవాళ్లకి తెలుస్తుంది.

అపోహ: నాలుగు రోజులు అరకు వెళ్లొస్తే అంతా సర్దుకుంటుంది.

వెళ్లండి, మంచిదే. తిరిగొచ్చాక రోజు మారకపోతే ఆ హాయి ఎన్నాళ్లో నిలవదు. అక్కడ కూడా అందరి బట్టలు సర్దడం, అందరి టిఫిన్లు చూసుకోవడం ఒక్కరి మీదే పడితే ఆవిడకి అది సెలవే కాదు. ఈ మాట నేను ఎక్కువగా భర్తలకి చెబుతుంటాను.

అపోహ: ప్రశాంతంగా ఉంటున్నా కాబట్టి బీపీ మాత్ర ఆపేయొచ్చు.

వద్దు. బీపీ ఎక్కువగా ఉన్నా చాలామందికి ఏమీ తెలియదు. మాత్ర తగ్గించాలా, ఆపాలా అన్నది రాసిచ్చిన డాక్టరే తేల్చాలి.

అపోహ: కౌన్సెలింగ్‌కి వెళ్తే పిచ్చి అంటారు, నిద్రమాత్రలు అంటగడతారు.

నేను మందులు రాయను, మా పని మాట్లాడించడం, మాట్లాడటం. మందులు రాసేది సైకియాట్రిస్ట్, అది కూడా అవసరమైతేనే. రెండు వారాలకి పైగా నిద్ర, ఆకలి, పని దెబ్బతింటుంటే ఇక చిట్కాలతో కాలయాపన చేయకండి. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. ఎదురుగా కూర్చుని చెప్పుకోవడానికి మొహమాటమైతే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ అనే ఫోన్ కౌన్సెలింగ్ సేవ ఉంది. నంబరు 14416. ఉచితం, రాత్రి కూడా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.