గ్లైడర్ రేసు: చిక్కంతా స్టార్ట్ దగ్గరే

గ్లైడర్ పోటీల లైవ్ ట్రాకింగ్‌ని, అంటే ఎవరు ఎక్కడున్నారో తెర మీద చుక్కలుగా చూపే ఏర్పాటుని, ఆలస్యం లేకుండా జనానికి చూపించాలా వద్దా అన్న పాత గొడవ మళ్లీ లేచింది. అసలే చూసేవాళ్లు తక్కువున్న ఆట, జరిగిపోయిన రేసు చూపిస్తే ఎవరు చూస్తారని ఒక వర్గం అడుగుతోంది. ఆలస్యం తీసేస్తే ఎవరు ఎక్కడున్నారో ప్రత్యర్థులకి అప్పటికప్పుడే తెలిసిపోయి పోటీ పాడవుతుందంటోంది ఇంకో వర్గం.

ఇంజిన్ లేకుండా విమానం ఎలా ఎగురుతుందో ఇక్కడ మళ్లీ చెప్పక్కర్లేదు. చూడాల్సింది రేసు ఎలా మొదలవుతుందన్నది. మామూలు పోటీల్లో స్టార్ట్ తెరిచాక ఎవరికి నచ్చిన టైమ్‌కి వాళ్లు బయల్దేరతారు. గడియారం ఎవరిది వాళ్లదే. పైకి లేచే వేడిగాలి, అంటే థర్మల్, కంటికి కనబడదు. ముందు వెళ్లినవాడు అందులో గింగిరాలు కొడుతుంటే వెనకవాడికి దారి దొరికినట్టే. అందుకే ముందు కదలడానికి ఎవరికీ మనసొప్పదు. ఒక్కోసారి గంటసేపైనా స్టార్ట్ గీత వెనకే చక్కర్లు కొడతారు. తర్వాత రెండు గ్లైడర్లు పక్కపక్కనే కనిపించినా ఎవరిది పైచేయో కింద ఉన్నవాడికి తెలీదు. ఒకాయన ఇరవై నిమిషాల ముందే బయల్దేరి ఉండొచ్చు.

దీనికి జవాబు 2005లోనే దొరికింది. ఫ్రాన్స్‌లోని సెయింట్ ఓబాన్‌లో జరిగిన గ్రాండ్ ప్రీ అనే గ్లైడర్ పోటీలో, తెరచాప పడవల పందెంలాగా, అందరూ ఒకేసారి గీత దాటారు. ముందు ఇంటికొచ్చినవాడే విజేత, లెక్కలేమీ అక్కర్లేదు. గెలిచింది పోలాండ్ పైలట్ సెబాస్టియన్ కావా. ఆయన గ్లైడర్లలోకి రాకముందు పడవ పందేల్లో ఆరితేరినవాడు కావడం తమాషా.

అంతమంది ఒకే థర్మల్‌లో గుమిగూడితే ఢీకొంటారన్నది అభ్యంతరం. కాదనలేం. కానీ ఎవరిష్టం వాళ్లది అన్నచోట కూడా అదే గుంపు, స్టార్ట్ కోసం చూస్తూ.

అదే 2005లో బ్రిటన్‌లోని హస్బండ్స్ బోస్‌వర్త్‌లో, చాలా తక్కువ ఎత్తులో ముగింపుకొస్తున్న గ్లైడర్ తగిలి ఫొటోలు తీస్తున్న వ్యక్తి చనిపోయాడు. నేలకి ఆనుకుని దూసుకొచ్చే ముగింపుల బదులు ఇప్పుడు చాలా పోటీల్లో కనీస ఎత్తు పెట్టి, మైదానానికి దూరంగా గీసిన వలయం దాటితే చాలంటున్నారు. అది సబబే. అయితే కళ్లెదుట కనిపించే ఆ ఒక్క దృశ్యమూ పోయింది. మిగిలింది తెర మీది చుక్కలు.

ఆ చుక్కలకి ఆలస్యం ఎందుకో 2020 జనవరిలో ఆస్ట్రేలియాలోని లేక్ కీపిట్‌లో బయటపడింది. మహిళల ప్రపంచ పోటీల్లో ట్రాకింగ్‌ని 15 నిమిషాలు ఆపి చూపించారు. ఆతిథ్య జట్టు కెప్టెన్‌కి మాత్రం ఆ ఆలస్యం లేని సమాచారం అందిందని తేలింది. జట్టుకి పాయింట్ల కోత పడింది. ఆలస్యం ఉండాల్సిందే అనేవాళ్లు ఇప్పటికీ ఈ సంఘటననే చూపిస్తారు. ఎవరు ఎప్పుడు కదిలారన్నది రహస్యంగా ఉండాల్సిన ఆట కాబట్టే ఆ సమాచారానికి అంత విలువ వచ్చిందన్న మాట మాత్రం వాళ్లు ఎత్తరు.

ఈమధ్య స్టార్ట్‌కి ఒక చిన్న కట్టుబాటు వచ్చింది. కొన్ని పోటీల్లో పైలట్ ముందుగా బటన్ నొక్కి, కాసేపు ఆగి, ఇచ్చిన గడువులోగా గీత దాటాలి. బటన్ ఎప్పుడు నొక్కాలన్నది మాత్రం ఇంకా ఎవరిష్టం వాళ్లదే.