డిస్క్ నిండిందా? డిలీట్ కొట్టే ముందు ఇది చదవండి

దాళ్వా ధాన్యం కొనుగోళ్లు మొదలైతే చాలు, భీమవరం, తణుకు చుట్టుపక్కల మిల్లుల నుంచి ఒకటే ఫోను: "సర్వర్ డిస్క్ నిండిపోయిందండీ, లాగులన్నీ తీసేశాం, అయినా చోటు రావట్లేదు." లాగ్ అంటే ఏం జరిగిందో ప్రోగ్రాములు ఎప్పటికప్పుడు రాసుకునే ఫైలు. బయట లారీలు ఆగిపోయి ఉంటాయి, బిల్లు రాదు. వాళ్ల టెన్షన్ నాకు తెలుసు. కానీ "తీసేశాం" అనగానే నాకు గుండెల్లో రాయి పడుతుంది.

అపోహ: లాగ్ ఫైల్ డిలీట్ చేస్తే చోటు వచ్చేస్తుంది.

వాస్తవం: దాంట్లోకి రాస్తున్న ప్రోగ్రామ్ ఇంకా నడుస్తుంటే రాదు. లినక్స్‌లో ఆర్ఎమ్ (rm, ఫైలు తీసేసే కమాండ్) కొడితే పోయేది పేరొక్కటే. ప్రోగ్రామ్ ఆ ఫైలును తెరిచి ఉంచినంతసేపూ డేటా డిస్కు మీదే ఉంటుంది, పెరుగుతూనే ఉంటుంది. ఫైళ్ల సైజులు కూడే డీయూ (du) ఒక లెక్క, డిస్కులో ఖాళీ చూపే డీఎఫ్ (df) ఇంకో లెక్క చెప్పేది అందుకే. ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలు తెరిచిందో చూపే ఎల్ఎస్ఓఎఫ్ (lsof)తో చూస్తే అలాంటి ఫైళ్ల పక్కన డిలీటెడ్ అని కనిపిస్తుంది. ఆ సర్వీసును రీస్టార్ట్ చేస్తే చోటు వస్తుంది. మొదటే ఫైలును తీసేయకుండా ట్రంకేట్ (truncate) కమాండ్‌తో దాని సైజు సున్నా చేసి ఉంటే ఈ గొడవే లేదు. తర్వాత పాత లాగులను తనంతట తనే తీసేసే లాగ్‌రొటేట్ (logrotate) పెట్టుకోండి.

అసలు నష్టం దీని తర్వాతి అడుగులో జరుగుతుంది. చోటు రాలేదని కంగారుపడి ఇంకా పెద్ద ఫైళ్లు వెతుకుతారు. ఒక మిల్లులో అకౌంట్స్ చూసే కుర్రాడు పీజీ ఎక్స్‌లాగ్ (pg_xlog) అనే ఫోల్డర్ చూసి "ఇదీ లాగే కదా" అని ఖాళీ చేసేశాడు. వాళ్ల డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునూ ముందు రాసుకునేది అందులోనే. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక డేటాబేస్ లేవలేదు. ముందురోజు రాత్రి బ్యాకప్ ఎక్కించి, ఆ రోజు కాటా చీటీలన్నీ చేత్తో కొట్టాం. "ఆయ్, మంచి కుర్రాడేనండి, చెత్తనుకున్నాడు" అన్నారు ఓనర్‌గారు. నిజమే. ఈ పొరపాటు ఎక్కడెక్కడివాళ్లో చేస్తున్నారనే 2017లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 10లో ఆ ఫోల్డర్ పేరును, లాగ్ అనే మాట లేకుండా, పీజీ వాల్ (pg_wal) అని మార్చేశారు. డేటాబేస్ ఫోల్డర్‌లో దేన్నీ చేత్తో తీయొద్దు. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్‌లో ఐబీ లాగ్‌ఫైల్ (ib_logfile) కూడా అంతే.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

"జర్నల్ డిస్కంతా తినేస్తుంది." జర్నల్ అంటే లినక్స్ సిస్టమ్ తన మెసేజీలన్నీ దాచుకునే లాగ్. సెట్టింగ్ మార్చకపోతే అది తానున్న పార్టిషన్‌లో (డిస్కు భాగంలో) 10 శాతానికి, ఎంత పెద్ద డిస్కయినా 4 జీబీకి ఆగుతుంది. ఇంకా తగ్గించాలంటే జర్నల్ చూసే కమాండ్ జర్నల్‌సీటీఎల్ (journalctl)లోనే పాతవి తీసేసే వాక్యూమ్ ఆప్షన్ ఉంది.

"ఫెయిల్డ్ పాస్‌వర్డ్ అని వేల లైన్లు, హ్యాక్ అయిపోయాం." కంగారు పడకండి. నెట్‌లో ఉన్న సర్వర్ల మీద బాట్లు (తమంతట తామే నడిచే ప్రోగ్రాములు) రాత్రీపగలూ పాస్‌వర్డ్‌లు ప్రయత్నిస్తూనే ఉంటాయి. మీకు తెలియని ఐపీ అడ్రస్ నుంచి యాక్సెప్టెడ్ (లాగిన్ అయింది) అనే లైన్ ఉందేమో చూడండి. పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి, దాని బదులు కీ ఫైలుతో లాగిన్ (SSH key) పెట్టుకోండి. వాట్సాప్‌లో "ఫార్మాట్ కొట్టెయ్" అనే మహానుభావుల జోలికి పోవద్దు.

"ముందు రీస్టార్ట్, తర్వాత లాగ్ చూద్దాం." కొన్ని సర్వర్లలో జర్నల్ మెమరీలోనే ఉంటుంది, రీస్టార్ట్ చేస్తే పోతుంది. వార్ లాగ్ (/var/log) కింద జర్నల్ (journal) అనే ఫోల్డర్ ఉందో లేదో ఇవాళే చూసుకోండి. లేకపోతే క్రియేట్ చేసి, జర్నల్ రాసే సర్వీసు జర్నల్‌డీ (systemd-journald)ని రీస్టార్ట్ చేసి, మెమరీలో ఉన్నది డిస్కుకు చేరేలా జర్నల్‌సీటీఎల్‌తో ఫ్లష్ (journalctl --flush) కొట్టండి. అప్పటికీ కరెంటు ఠపీమని పోతే చివరి లైన్లు దొరక్కపోవచ్చు. మామూలు మెసేజీలను జర్నల్ 5 నిమిషాలకోసారే డిస్కుకు గట్టిగా దించుతుంది.