లినక్స్‌లో పాటలు కొనడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: దుకాణాల యాప్‌లన్నీ విండోస్‌కే కాబట్టి లినక్స్‌లో పాటలు కొనలేం.

వాస్తవం: బ్యాండ్‌క్యాంప్ అనే ఆన్‌లైన్ పాటల దుకాణంలో కొనడానికి యాప్ అక్కర్లేదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో డబ్బు కట్టి, ఎంపీ3, ఫ్లాక్ (ధ్వని ఏమీ పోకుండా కుదించేది), ఆగ్ వంటి ఫార్మాట్లలో కావలసినది ఎంచుకుంటే ఆల్బమ్ మొత్తం జిప్‌గా దిగుతుంది. అమెరికా, బ్రిటన్‌లలో ఉంటున్న మనవాళ్లకు కోబజ్ అనే దుకాణం కూడా ఉంది. చిక్కల్లా ఐట్యూన్స్‌తోనే. 2009 నుంచి అక్కడి పాటలకు డిజిటల్ తాళం (వేరే ప్లేయర్లలో మోగకుండా ఆపే కట్టడి) లేదు. ఆ 256 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) ఏఏసీ ఫైళ్లు వీఎల్‌సీ ప్లేయర్‌లో చక్కగా మోగుతాయి. కానీ కొనే సాఫ్ట్‌వేర్‌నే యాపిల్ లినక్స్‌కు ఇవ్వలేదు.

అపోహ: స్ట్రీమింగ్ యాప్‌లో ‘డౌన్‌లోడ్’ నొక్కితే పాట మనదే.

వాస్తవం: కాదు. చందా ఆగితే అదీ ఆగుతుంది.

అపోహ: జిప్ దిగిందంటే పని అయిపోయినట్టే.

వాస్తవం: ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. నెట్ మధ్యలో తెగితే సగం ఫైలే మిగలొచ్చు. టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) ‘అన్‌జిప్ హైఫన్ టి’ అని, పక్కన ఫైలు పేరు కొడితే జిప్ చెడిందో లేదో తేలిపోతుంది. విప్పాక ఫ్లాక్ పాటలకు అలాగే ‘ఫ్లాక్ హైఫన్ టి’ కొట్టండి. ఫ్లాక్ ఫైల్లో అసలు ధ్వని తాలూకు ఎండీ5 సంకేతం (వేలిముద్ర లాంటి గుర్తు) దాచి ఉంటుంది. ఈ ఆదేశం పాటను పూర్తిగా డీకోడ్ చేసి ఆ సంకేతంతో సరిపోలుస్తుంది. తేడా వస్తే వెంటనే మళ్లీ దించుకోండి. దుకాణాలు మూతపడతాయి, హక్కులు చేతులు మారి ఆల్బమ్‌లు మాయమవుతాయి. అందుకే కొన్నరోజే రెండో డిస్క్‌లోకి ఒక కాపీ వెళ్లాలి.

అపోహ: ఫ్లాక్ అని ఉంటే నాణ్యత ఖాయం.

వాస్తవం: ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చినా పోయిన ధ్వని తిరిగిరాదు, సైజు మాత్రం పెరుగుతుంది. అయిదు నిమిషాల పాట 320 కేబీపీఎస్ ఎంపీ3లో 12 ఎంబీ, కుదించని సీడీ నాణ్యత వేవ్‌లో దాదాపు 53 ఎంబీ. ఫ్లాక్ ఈ రెంటికీ నడుమ ఉంటుంది. పాటలోని పౌనఃపున్యాలను బొమ్మగా చూపే స్పెక్ ప్రోగ్రాంలో తెరిచి చూడండి: బొమ్మ 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగితే అనుమానించాలి. పాత సినిమా పాటల విషయంలో తొందరపడొద్దు, వాటిలో పై పౌనఃపున్యాలు మొదటినుంచీ తక్కువే.

అపోహ: బయటి డిస్క్‌లోని పాటలు కనబడకపోతే ఫైళ్లు పాడైనట్టే.

వాస్తవం: ప్లేయర్‌ను స్నాప్‌గానో ఫ్లాట్‌పాక్‌గానో (మిగతా సిస్టమ్‌కు దూరంగా ఉంచే ప్యాకేజీలు) వేసుకుంటే దానికి ఆ డిస్క్ చూసే అనుమతి లేకపోవచ్చు. స్నాప్‌కైతే ‘రిమూవబుల్ మీడియా’ అనుమతి ఇవ్వాలి, ఫ్లాట్‌పాక్‌కు ఫ్లాట్‌సీల్ అనే అనుమతుల యాప్‌లో ఆ ఫోల్డర్ చేర్చాలి. కారు కోసం ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తుంటే పేర్లలోని కోలన్, ప్రశ్నార్థకం తీసేయండి. అవి ఉంటే ఆ ఫైలు కాపీ కాకపోవచ్చు.