ఊట చాలని బావి, అయిదు హార్స్‌పవర్ మోటారు

కాజీపేట నుంచి ఒక పాఠకుడు ప్రశ్న పంపారు. ఆదివారాలు చర్చిలో, పెళ్లిళ్ల రోజుల్లో ఆర్కెస్ట్రాలో బాస్ గిటార్ వాయిస్తారట. గిటార్‌లో తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం, అంటే పికప్, మొదట బ్యాటరీతో నడిచే యాక్టివ్ రకంది. అది పాడైపోతే బ్యాటరీ అక్కర్లేని మామూలు పాసివ్ పికప్ కొని, పాతది ఉన్న చోటే సోల్డరింగ్ చేయించారు. గిటార్ లోపలి ప్రీఆంప్ (సంకేతాన్ని పెంచే చిన్న సర్క్యూట్) పాతదే. శబ్దం వస్తోంది గాని మొద్దుగా ఉంది, తీగ మీటినప్పటి పదును వినబడటం లేదు. "నకిలీ పికప్ అంటగట్టారా?" అని వారి అనుమానం.

నా అనుమానం మాత్రం పికప్ మీద కాదు, వాల్యూమ్ కంట్రోల్ మీద.

అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్ల సన్నని రాగి తీగ, పైన కదిలే ఉక్కు తీగ, 1831 నాటి ఫారడే సూత్రం: ఇవి ఇంటర్మీడియట్ పుస్తకంలో ఉన్నవే, వదిలేద్దాం. అసలు సంగతి ఆ తర్వాత మొదలవుతుంది. చుట్టలో పుట్టిన వోల్టేజి అంతా బయటికి వస్తుందా?

ఎండాకాలంలో మన వైపు వ్యవసాయ బావిని గుర్తు చేసుకోండి. ఊట తక్కువ. బొక్కెనతో తోడితే నీటిమట్టం కదలదు. అయిదు హార్స్‌పవర్ మోటారు పెడితే కాసేపటికే ఫుట్‌వాల్వ్ గాలి పీలుస్తుంది. పాసివ్ పికప్ అలాంటి బావి. మట్టం అంటే వోల్టేజి. చుట్టకు సుమారు 10 కిలో ఓముల నిరోధం ఉంటుంది కాబట్టి ఊట సన్నం. దానికి తగిలించే వాల్యూమ్ కంట్రోల్ కూడా ఒక నిరోధమే, దాని విలువ ఎంత తక్కువైతే మోటారు అంత పెద్దదన్నమాట. యాక్టివ్ పికప్ లోపలే చిన్న ఆంప్లిఫయర్ ఉంటుంది, అంటే ఊట బలం. అందుకే దానికి 25 కిలో ఓముల కంట్రోల్ పెడతారు. అదే కంట్రోల్ ఇప్పుడు పాసివ్ పికప్‌ను తోడేస్తోంది.

ఇంతేనా అంటే కాదు, ఈ బావి ఊట స్వరాన్ని బట్టి మారుతుంది. చుట్టకు ఇండక్టెన్స్, అంటే స్వరం హెచ్చేకొద్దీ ఎక్కువగా అడ్డుపడే గుణం, ఉంది. అయిదు హెన్రీలు అనుకుందాం. బాస్‌లో అన్నిటికన్నా మందపు తీగ, ఇ, 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అక్కడ ఆ ఇండక్టెన్స్ అడ్డు 1.3 కిలో ఓములే. మీటిన పదును ఉండే 3,000 హెర్ట్జ్ దగ్గర అదే అడ్డు 94 కిలో ఓములు! కేబుల్ కెపాసిటెన్స్‌ను పక్కన పెట్టి లెక్క వేస్తే, 25 కిలో ఓముల కంట్రోల్ మీద మంద్రస్వరం 71 శాతం మిగులుతుంది, పై స్వరం 25 శాతమే. కంట్రోల్‌ను 250 కిలో ఓములకు మారిస్తే అవే 96, 90 శాతాలవుతాయి. మొద్దుదనానికి ఇంతకన్నా వేరే సాక్ష్యం అక్కర్లేదు. ప్రీఆంప్ ఇన్‌పుట్ సాధారణంగా 10 లక్షల ఓముల వరకూ ఉంటుంది. అది బొక్కెన, దాని వల్ల మట్టానికి నష్టం లేదు. తప్పంతా మధ్యలో ఉన్న మోటారుదే.

మన కాలేజీల్లో గరిష్ఠ సామర్థ్య బదిలీ సిద్ధాంతాన్ని ఎంతగా వల్లె వేయిస్తారంటే, లోడు నిరోధం మూలం నిరోధానికి సమానంగా ఉండటమే ఎల్లప్పుడూ మేలని పిల్లలు నమ్మేస్తారు. ఇక్కడ మనకు కావలసింది సామర్థ్యం కాదు, వోల్టేజి. సమానం చేస్తే సగం పోతుంది. ఈ ఒక్క తేడాను గిటార్ విప్పి చూపిస్తే ఒక పూట పాఠం చాలు. 1976లో వచ్చిన మ్యూజిక్‌మ్యాన్ స్టింగ్‌రే బాస్‌లోనూ పికప్ పాసివే. పక్కనే బ్యాటరీ ప్రీఆంప్ ఉండటంతో, పొడవాటి కేబుల్ భారం పికప్ మీద పడదు.

కాబట్టి ప్రీఆంప్‌కు ముందున్న వాల్యూమ్ కంట్రోల్‌ను 250 కిలో ఓములదిగా మార్చండి. ప్రీఆంప్ తర్వాత ఉంటే 25 అలాగే ఉండనివ్వండి. తీగల రంగులను నమ్మవద్దు, ఒక్కో తయారీదారుడిది ఒక్కో పద్ధతి. మల్టీమీటర్‌తో చుట్ట కొనలు పట్టుకుని, పైపూత లేని షీల్డు తీగను గ్రౌండ్‌కు కలపండి. రెండు పికప్‌లుండి, రెండూ కలిపినప్పుడే మంద్రం మాయమైతే ఒకదాని ఫేజ్ తిరగబడిందని, అంటే రెండు సంకేతాలూ ఎదురెదురై ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయని అర్థం.

తీగలు ముట్టుకోగానే గుయ్యిమనే మోత తగ్గడాన్ని కొందరు వాద్యకారులు చేతి మహిమగా చెప్పుకుంటారు. మహిమేమీ లేదు. ఇంటి కరెంటు క్షేత్రాన్ని మన ఒళ్లు ఏరియల్‌లా పట్టి గిటార్‌కు అందిస్తుంది. బ్రిడ్జ్ (తీగల కొనలను పట్టి ఉంచే లోహపు భాగం) ద్వారా గ్రౌండ్ అయిన తీగలను ముడితే ఒళ్లూ గ్రౌండ్ అవుతుంది. ముట్టుకున్నా తగ్గకపోతే, పికప్ మార్చేటప్పుడు బ్రిడ్జ్ కింది తీగ ఊడిందేమో చూడండి. తమాషా ఏమిటంటే, మన కరెంటు 50 హెర్ట్జ్, ఇ తీగ మీద మూడో ఫ్రెట్‌లోని జి స్వరం 49. మన ఊళ్లో మోత దాదాపు శ్రుతిలోనే ఉంటుంది, అందుకే జి వాయిస్తున్నప్పుడు దాన్ని పట్టుకోవడం కష్టం.

బ్యాటరీ తొందరగా అయిపోతోందని కూడా రాశారు. దాని ఋణ తీగ స్టీరియో జాక్‌లోని రింగ్‌కు వెళుతుంది. మామూలు మోనో ప్లగ్ దూర్చగానే ప్లగ్ లోహం ఆ రింగ్‌ను గ్రౌండ్‌తో కలిపి ప్రీఆంప్‌ను నడుపుతుంది, వేరే స్విచ్ ఉండదు. వాయించడం అయ్యాక కేబుల్‌ను ఆంప్ దగ్గర మాత్రమే పీకుతున్నట్టున్నారు. గిటార్ దగ్గరా పీకండి.