లాను ఉంచుకున్నాం, వట్టివేళ్ళు వదిలేశాం

మొన్న మే నెలలో కృష్ణ కరకట్ట మీద ఒక రిసార్టులో మా అన్నయ్య కూతురి ఓణీల ఫంక్షన్, చూడ్డానికి అంతా బానే ఉంది, లాను, వరసగా రాయల్ పామ్ చెట్లు, ఎల్ఈడీ లైట్లు. మధ్యాహ్నం పిల్లలు చెప్పులు వదిలేసి పరిగెత్తి టైల్స్ మీద కాలు పెట్టగానే కెవ్వుమన్నారు. నీడ లేదు, ఒక్క పువ్వు వాసన లేదు, పిట్ట అరుపు వినబడదు, డీజే ఒకటే మోత. ఫొటోలు మాత్రం అదిరిపోయాయి లెండి.

అసలు లాను మన వాతావరణంలో పుట్టింది కాదు, ఏడాది పొడుగునా చినుకులు పడే ఇంగ్లండుది. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన గడ్డి కోసే మిషన్ కనిపెట్టాక అక్కడ మామూలు ఇళ్ళకీ పాకింది, దొరలతో పాటు ఇక్కడి బంగళాలకీ క్లబ్బులకీ వచ్చింది. తమాషా ఏంటంటే ఆ బంగళాల్లోనే ఎండాకాలం గుమ్మాలకి వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు కొట్టేవాళ్ళు, వడగాలి అందులోంచి దూరి చల్లగా, ఆ తడి వాసనతో లోపలికొచ్చేది. మన పెద్దాళ్ళ ఇళ్ళల్లోనూ అంతే. కూలర్లు, ఏసీలు వచ్చాక తడికలు పోయాయి, లాను మిగిలింది.

ఆసియాలో రిసార్టుల కథ వేరే దారిలో నడిచింది. బాలిలో 1966లో పది అంతస్తుల హోటల్ కట్టారు, ఆ తర్వాత కొబ్బరిచెట్టు ఎత్తు దాటి కట్టకూడదని, అంటే సుమారు 15 మీటర్లు, రూల్ పెట్టుకున్నారు. శ్రీలంకలో జెఫ్రీ బావా అనే ఆర్కిటెక్టు అయితే 1948లో రబ్బరు తోట ఒకటి కొనుక్కుని 2003లో పోయేదాకా దాన్ని దిద్దుకుంటూనే ఉన్నాడు. దంబుల్లా దగ్గర ఆయన కట్టిన కందలామ హోటల్‌ని, 1994 నాటిది, తీగలు అల్లుకుపోయాయి, కోతులు బాల్కనీల దాకా వస్తాయి. లోపలికి వెళ్ళగానే గుహలోకి వెళ్ళినట్టు చల్లటి రాయి, మలుపు తిరిగితే చెరువు. ముందే అంతా చూపించెయ్యడు, నడిపించి నడిపించి చూపిస్తాడు. మనవాళ్ళు గేటు దగ్గరే మొత్తం చూపించేసి సెల్ఫీ పాయింట్ అని బోర్డు పెడతారు!

చెవి సంగతికొస్తే న్యూయార్కులో పేలీ పార్క్ అని చిన్న జాగా ఉంది, 1967లో తెరిచారు, వెనక గోడ మీంచి 20 అడుగుల ఎత్తున నీళ్ళు జారుతూ ఉంటే ఆ చప్పుడులో ట్రాఫిక్ రొద మునిగిపోతుంది. హైవే పక్క రిసార్టులకి ఇంతకన్నా చవక వైద్యం లేదు, కానీ మన దగ్గర ఫౌంటెన్ అంటే రంగుల లైట్లే, అదీ సాయంత్రం గెస్టులు వచ్చాకే ఆన్ చేస్తారు.

ముక్కు విషయంలో కాస్త జాగ్రత్త కావాలి. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో త్వరగా పెరుగుతాయని ఏడాకుల చెట్లు తెగ నాటారు, అవి పూసే రోజుల్లో ఆ ఘాటుకి తలనొప్పులొస్తున్నాయని జనం గోల పెట్టారు.

ఇక కృష్ణ ఒడ్డున ఇంకో లెక్క కూడా ఉంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చింది, భవానీ ద్వీపం మునిగింది. ఏటిగట్ల మీద మొదట్నుంచీ ఉన్న చెట్లు ఏరుమద్ది, కానుగ, నాలుగురోజులు నీళ్ళల్లో నిలబడ్డా తట్టుకుంటాయి. కానుగ కిందైతే మే నెల మధ్యాహ్నం కూడా మంచం వేసుకోవచ్చు. సన్నజాజి పందిరి దక్షిణం వైపు వేస్తే సాయంత్రం పైరగాలి తిరిగినప్పుడు వాసన దానంతటదే భోజనాల దగ్గరికి వస్తుంది. ఇది ఏ ఆర్కిటెక్టూ చెప్పింది కాదు, మా అమ్మమ్మ పెరట్లో పందిరి అటే ఉండేది.